అట్లకాడతో వంచిన రేకు

"దీన్ని ఎవరో పాడు చేశారాంటీ!" అంది మనోజ్ఞ, పొయ్యి ముందు నేల మీద చతికిలబడి లోపలికి టార్చిలైటు కొట్టి చూస్తూ.

"ఎవరో ఏమిటమ్మా, మా ఆయనే. గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టు, నేను పెడితే వినరు" అంది సోఫాలోంచి సరోజ.

పొయ్యంటే వంటపొయ్యి కాదండోయ్. చలికాలం గది వెచ్చబెట్టే గ్యాసు పొయ్యి, తాతల నాటి పోత ఇనుముది. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఆ ఇల్లు కొన్నప్పుడే ముందుగదిలో ఉంది. వీళ్ళు దాన్ని కుంపటి అని పిలుచుకునేవారు. మొన్న గ్యాసు మనిషొచ్చి "ఇహ దీన్ని వెలిగించడానికి వీల్లేదు" అని గొట్టానికి మూత బిగించి పోయాడు. దాని చోట కొత్త హీటరు పెడతారు. మ్యూజియం వాళ్ళు పట్టుకెళితే సరే, లేకపోతే తుక్కులోకే. ఆ మాట విన్న దగ్గర్నుంచీ సరోజకి అన్నం సయించలేదు. మనోజ్ఞ ఆ మ్యూజియం పిల్లే. ఇక్కడే పుట్టి పెరిగినా, వాళ్ళమ్మమ్మ దగ్గర నేర్చిన తెలుగు గలగలా మాట్లాడేస్తుంది.

"నేనేం పాడు చేశానో చెప్పు తల్లీ" అంటూ అమర్‌నాథ్ టీ కప్పులు పట్టుకొచ్చాడు. పెద్దాసుపత్రిలో డాక్టరు చేసి రిటైరైన మనిషి. కిటికీ దగ్గర బల్ల మీద కప్పు పెట్టాలంటే తిన్నగా నడిచి పోవచ్చు, మధ్యలో అడ్డమంటూ ఏమీ లేదు. అయినా గోడవారగా చుట్టు తిరిగి వెళ్ళి పెట్టొచ్చాడు.

"చూడండంకుల్. ఉత్త మంటైతే వేడంతా చిమ్నీలోంచి పైకి పోతుంది కదా. అందుకని దీన్ని తయారు చేసినవాళ్ళు మంట మీద ఈ చిల్లుల మట్టి కడ్డీలు నిలబెట్టారు. మట్టి ఎర్రగా కాలితే ఆ సెగ ఎదురుగా మనుషుల మీదికొస్తుంది. వెనక ఈ రాగి రేకుందే, అది అద్దంలాగా వేడిని గదిలోకి తిప్పి కొడుతుంది. ఆ కాలానికి ఎంత బ్రిలియంట్ డిజైనో! మీరేమో ఆ రేకునే వంచేశారు."

"ఎటు వంచారేం?" అంది సరోజ.

"ఎడమకి, కిందికి. సెగంతా పోయి కిటికీ పక్క మూలలో, మోకాలెత్తున పడుతుంది. అక్కడ కనీసం కుర్చీ కూడా లేదు!"

"విన్నారా? ఇన్నేళ్ళూ నేనీ సోఫాలో రెండేసి స్వెట్టర్లు తొడుక్కుని వణికింది మీ పనితనం వల్లే."

"దుప్పటి ఇచ్చాను కదే."

"ఇచ్చారు, సగం మీరు లాక్కుని."

మనోజ్ఞ పకపకా నవ్వింది. "అక్కడ పిల్లి గానీ పడుకునేదా అంకుల్?"

"పిల్లి లేదమ్మా."

"మరి మొక్కలా? పైన దూలానికి కొక్కెం కనిపిస్తోంది."

"పాతకాలపు ఇల్లు కదా, అలాంటివి ఉంటూనే ఉంటాయి" అన్నాడు అమర్‌నాథ్. సరోజ టీ ఊదుకుంటూ కూర్చుంది. టీ అప్పటికే చల్లారిపోయింది.

"ఇంతకీ ఎప్పుడు వంచారు?"

"ఇంట్లో చేరిన మొదటి చలికాలం. ఆ ఏడు మంచు తలుపు దాకా పేరుకుంది. పనిముట్టేదీ చేతికందక అట్లకాడతో వంచాను."

"నా మంచి అట్లకాడ. ఆ వంకర ఇప్పటికీ పోలేదు" అంది సరోజ.

"ఇంతింట్లో మీరిద్దరేనా ఆంటీ?"

"ముగ్గురమమ్మా. మా కుంపటినీ లెక్కేసుకో."

మనోజ్ఞ నవ్వుతూ సంచిలోంచి పట్టకారు తీసింది. "అయితే మీ మూడో మనిషికి చిన్న వైద్యం చేసి తీసుకెళతాను. రేకు తిన్నగా చేస్తే అసలు డిజైన్ వచ్చేస్తుంది."

సరోజ కప్పు కింద పెట్టిన చప్పుడుకి పిల్ల ఉలిక్కిపడింది. ఆవిడ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి వచ్చి పొయ్యికి అడ్డంగా కూర్చుంది.

"దాన్ని ముట్టుకోకు."

"ఆంటీ, అది తప్పుగా ఉంది. ఇలాగే పెడితే చూసేవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ."

"కింద రాయాల్సొస్తుంది, ఇంటివాళ్ళు తెలియక పాడు చేశారని."

"అలాగే రాసుకో. మాకు బుద్ధి లేదని రాసుకున్నా సరే. రేకు మాత్రం అలాగే ఉండాలి. కాదంటే ఇక్కడే వదిలెయ్యి, తుక్కులోకే పోనీ."

అమర్‌నాథ్ ఆయాసపడుతూ భార్య పక్కన కూర్చున్నాడు. "నా పేరు పెట్టే రాయమ్మా. ఈ డాక్టరుగారికి సెగ ఎటు పోతుందో కూడా తెలియదని రాయి."

మనోజ్ఞ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏం అర్థమైందో, ఏం కాలేదో గానీ, పట్టకారు తిరిగి సంచిలో వేసుకుంది.

"సరే ఆంటీ. మా వాళ్ళకి నేను సర్దిచెప్పుకుంటా."

సాయంత్రం ఇద్దరు మనుషులొచ్చి కుంపటిని దుప్పట్లలో చుట్టి వ్యానెక్కించారు. "రేకు మీద చెయ్యి పడకుండా పట్టుకోండి నాయనా" అని సరోజ గుమ్మం దాకా వెంటపడి తెలుగులోనే చెప్పింది. వాళ్ళకేం తెలుస్తుంది, పాపం, తలలూపారు.

లోపలికొచ్చేసరికి గది మంచుముద్దలా ఉంది. చీకటి పడుతుంటే అలవాటుగా ఆవిడ చెయ్యి అగ్గిపెట్టె మీదికి పోయింది. తీసి, మళ్ళీ అక్కడే పెట్టేసింది. సోఫా మీది దుప్పటి తీసుకుని కిటికీ పక్క మూలకి వెళ్ళి నిలబడింది.

"అక్కడ చలిగా ఉంటుంది సరోజా, ఇటు రా."

"అదేనండీ, ఇక్కడ చలిగా ఉంది" అంది, తలెత్తి దూలం వైపు చూస్తూ.

ఆ కొక్కేనికి చీర ఉయ్యాల నెల్లాళ్ళే ఊగింది.