తీసెయ్యమంటారా?

"అన్నీ తీసెయ్యండి. ఆ చివరిది మాత్రం వద్దు," అంది ఫిర్యాదుల కౌంటర్ ఆవిడ.

"అసలు దొంగ అదేనమ్మా! సగం ఆలస్యం దానివల్లే," అన్నాడు రీస్టార్ట్ మాస్టారు.

నీళ్ల ఆఫీసుకు కొత్తగా వచ్చిన కంప్యూటర్ల మనిషి అతను. ఏ రోగమొచ్చినా ముందు రీస్టార్ట్ చేసి చూడమంటాడని, వచ్చి నెల తిరక్కుండానే ఆ పేరు తగిలించేశారు. ఈ కౌంటర్లో కంప్యూటర్ స్విచ్ వేస్తే, అది కళ్లు తెరిచేసరికి వరసలో నిలబడ్డవాళ్లు కొళాయిల సంగతి మర్చిపోయి ఆవిణ్ణి తిట్టడం మొదలుపెడుతున్నారు. మధ్యాహ్నానికి బాగుపడకపోతే దాన్ని తుక్కు గదిలో పడేసి వేరేది ఇస్తానని మేనేజరు చెప్పేశాడు.

"వేరేది వద్దు. దీన్నే బాగుచెయ్యండి," అంది ఆవిడ.

మాస్టారు నెట్ వైరు పీకి పక్కన పెట్టి కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాడు. స్విచ్ వెయ్యగానే వాటంతటవే లేచి కూర్చునే ప్రోగ్రాములన్నీ మళ్లీ తెర మీదికి తెచ్చి, ఎందుకైనా మంచిదని ఒక్కొక్కటే అడగసాగాడు. పిలవని పేరంటానికి వచ్చినట్టు బారులు తీరి ఉన్నాయి.

"పాటలది?"

"తీసెయ్యండి."

"వాతావరణం చెప్పేది?"

"తీసెయ్యండి."

ఆ గొంతులో కోపమూ లేదు, విసుగూ లేదు. గోడకి చెబుతున్నట్టుంది. కీబోర్డు పక్కన టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా ఉంది.

"ఇది ఇప్పట్లో తేలేలా లేదు. ముందు తినండమ్మా."

"ఆన్ అయ్యాక తింటాను."

"అయిందిగా!"

ఆవిడ పీకి పక్కన పెట్టిన వైరు వంక చూసింది.

ఏం మనిషో అనుకుంటూ మాస్టారు ఆ చివరి ప్రోగ్రామ్ తెరిచి చూశాడు. ఎవరో సొంతంగా రాసుకున్నది. కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా ఒక ఫోన్ నంబరుకి మెసేజ్ పంపుతుంది: 'చేరాను. ఇక నువ్వు తిను.' కింద రాసినాయన పేరుంది.

"ఇది మీకు ముందు ఈ సీట్లో పనిచేసినాయన పెట్టుకున్నదే! ఆయన పోయారని విన్నాను?"

"అవును. పోయిన ఏడు."

మాస్టారు మౌస్ మీద చెయ్యి వేశాడు. "అయ్యో రామా! అంటే మీరు పొద్దున్నే వచ్చి స్విచ్ వేస్తుంటే, అక్కడ పాపం ఆయన భార్యకి రోజూ ఇది వెళ్తోందా? పుండు మీద కారం కాదూ! తీసేస్తున్నా."

"ఉంచండి."

"మీకేమమ్మా, మీ పని మీకు గడుస్తోంది. ఆ తల్లి గురించి ఒక్కసారైనా ఆలోచించారా?" అతనికి నిజంగానే ఒళ్లు మండింది. "ఉండండి, ఆవిణ్ణే అడుగుతా. ఇష్టమంటే ఉంచుతా. లేదంటే ఈ క్షణమే తీసి పారేస్తా, మీరు మేనేజరుకి చెప్పుకున్నా సరే."

తెర మీది నంబరు చూస్తూ తన ఫోన్లో నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

కుర్చీకి తగిలించిన ఆవిడ సంచీలో ఫోన్ మోగింది.

ఆవిడ ఫోన్ బయటికి తీసి, ఎవరని చూడకుండానే కట్ చేసింది.

"ఇష్టమేనండీ, ఉంచండి. ఆ నెట్ వైరు పెట్టేస్తే తింటాను."