పాదువా రుమాలు

"ఛీ! దాన్ని జేబులో పెట్టుకోకు ఫియొరెంజో. రైల్లో నీ పక్కన కూర్చోలేను" అంది ఒర్నెల్లా, మెడలో స్కార్ఫు లాగి ముక్కుకు అడ్డం పెట్టుకుంటూ.

పాదువా చర్చిలో సాధువు సమాధి ముందు జనం వరుసగా కదులుతున్నారు. ప్రతివాళ్ళూ ఆ రాతిమీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని మొక్కుకుంటున్నారు. ఇందాక వాళ్ళ ముందున్న లావుపాటాయన చేతిలోకి తుమ్మి, అదే చెయ్యి రాతికి ఆనించాడు. ఆయన చెయ్యి తీసీ తియ్యగానే ఫియొరెంజో రుమాలును సరిగ్గా అక్కడే పెట్టి గట్టిగా రుద్దాడు. నీలం అంచున్న తెల్ల రుమాలు మధ్యలో జిడ్డు మరక తేలింది.

"సాధువుకి తాకించి తెమ్మని అమ్మ తన రుమాలు సైగ చేసి మరీ ఇచ్చింది. ఇంక నాలుకకి చూపిస్తే అయిపోతుంది. పద."

సాధువు నాలుక చర్చి వెనకవైపు, అద్దం చాటున, బంగారు పాత్రలో ఉంది. ఎండిన అంజూరపండులా ముడుచుకుపోయి ఉంది. ఒర్నెల్లా ఒక అడుగు వెనక్కి వేసింది.

"చూడు, ఇన్ని వందల ఏళ్ళయినా కుళ్ళలేదు!"

"కుళ్ళినా బావుండేది, ఎవరైనా పాతిపెట్టేవాళ్ళు. పెళ్ళయి పాతికేళ్ళయింది, మంచి ఊళ్ళు చూపిస్తానన్నావు. సియెనాలో ఎవరిదో తల చూపించావు. ఫ్లోరెన్సులో వేలు చూపించావు. ఇక్కడ నాలుక. ఇంకో రెండు ఊళ్ళు తిరిగితే మనిషి పూర్తవుతాడు!"

వెనకనున్న ముసలమ్మ "ష్ష్" అని కసిరింది. ఫియొరెంజో గొంతు తగ్గించాడు.

"పోయినవి వెతికిపెట్టే సాధువు కదే ఈయన! తాళంచెవులు పోతే ఈయనకే మొక్కుతాం. అమ్మ మాట పోయి ఏడాదయింది. గొంతులో ఏ లోపమూ లేదని డాక్టరే అన్నాడు. అంటే ఎక్కడో తప్పిపోయిందన్నమాట. ఈయనే వెతికిపెట్టాలి."

ఆ మాట దొరక్కూడదనే ఒర్నెల్లా మొక్కు. ఏడాది కిందటి వరకూ వాళ్ళ ఊరు వెర్చెల్లిలో, ఇంటి వంటగదిలో అత్తగారు క్లేలియా చెంచా పట్టుకుని ఆమె వెనకే నిలబడేది. "రిసొత్తో మళ్ళీ మెత్తబడింది. ఇలాంటి అన్నం పళ్ళూడిన కుక్కకి పెడతారు" అనేది. ఇప్పుడు పెట్టింది తిని, మూతి తుడుచుకుని లేచిపోతోంది. పాతికేళ్ళకు వంటగది ఒర్నెల్లాది అయింది.

వెనిస్ చేరేసరికి నీళ్ళు తగ్గి ఉన్నాయి. కాలవల అడుగు బురద బయటపడి, కుళ్ళిన గుడ్ల కంపు కొడుతోంది. హోటల్లో భోజనానికి కూర్చోగానే ఫియొరెంజో రుమాలు తీసి రొట్టెల బుట్ట పక్కన పెట్టాడు.

"తియ్యి దాన్ని!"

"జేబులో నలుగుతోంది. పవిత్రమైంది కదా."

"పవిత్రమా? ఆ లావుపాటాయన చీమిడి ఉంది అందులో!"

ఆమె పళ్ళెంలో సెప్పియా చేప తన ఒంట్లో ఊరే సిరాలోనే ఉడికి నల్లగా మెరుస్తోంది. ఫోర్కుతో కదిపింది. ముక్క నాలుకలా మెత్తగా వంగింది. ఆమె పళ్ళెం ముందుకు తోసేసింది.

"తినవా? అయితే ఇటివ్వు" అన్నాడు ఫియొరెంజో. తిన్నాడు. అతని పళ్ళన్నీ నల్లబడ్డాయి. ఒర్నెల్లా మొహం తిప్పుకుంది.

మర్నాడు వెరోనాలో వంతెన దగ్గర కోటు ఆమెకి అప్పగించి అతను కాఫీ తాగడానికి వెళ్ళాడు. ఒర్నెల్లా కోటు జేబులోంచి రుమాలును రెండువేళ్ళతో చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు పైకి తీసి, నదిలోకి వదిలేసింది. అది కాసేపు తేలింది. తర్వాత మునిగిపోయింది. పాదువా వదిలాక ఇప్పటికి ఆమెకి హాయిగా ఊపిరాడింది.

ఎదురుగా ఉన్న కొట్లో నీలం అంచు రుమాలే దొరికింది. కానీ అది మల్లెపువ్వులా తెల్లగా ఉంది. మరక కావాలి. వంతెన గోడకి రుద్దింది. చాలలేదు. అటూ ఇటూ చూసి, కాలెత్తి, బూటు అడుగున రుద్దింది. మరక సరిగ్గా కుదిరింది. తన చేతిని చూస్తే తనకే రోత పుట్టింది. రుమాలు మడిచి కోటు జేబులో పెట్టేసింది.

ఇంటికి చేరగానే ఫియొరెంజో టోపీ అయినా తియ్యకుండా తల్లి ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"అమ్మా, సమాధికి తాకించాను. నాలుకకి చూపించాను. ఇదిగో."

క్లేలియా రుమాలును కళ్ళకద్దుకుంది. ముద్దు పెట్టుకుంది. ఒర్నెల్లా గబగబా ముందుకొచ్చింది.

"మెడకి చుట్టుకోండత్తయ్యా, చాలు" అంది.

క్లేలియా తల అడ్డంగా ఊపింది. నోరు తెరిచి, నాలుక చాపి, వేలితో చూపించింది.

"అంతే మరి! మాట పోయింది నాలుక మీంచి కదా" అన్నాడు కొడుకు.

"ఆగండి!" అని అరిచింది ఒర్నెల్లా.

"ఏమైంది?"

"ఏం లేదు... మురికిగా ఉంది. ఉతికి ఇస్తాను."

"ఉతికితే మహిమ పోతుంది. నువ్వూరుకో!"

క్లేలియా రుమాలును మరక పైకి వచ్చేలా మడిచి, నాలుక మీద పెట్టుకుని, నోరు మూసుకుంది. ఆమె గుటక వేస్తుంటే ఒర్నెల్లా నోట్లో వెరోనా వీధి రుచి తగిలింది.

ముసలావిడ కళ్ళు తెరుచుకున్నాయి. మొహం వికారంగా ముడుచుకుంది. రుమాలును నోట్లోంచి లాగి, వెలుతురుకు పట్టి, నీలం అంచు పొడుగునా ఏదో గుర్తు వెతుకుతున్నట్టు వేలితో తడిమింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"థూ! ఏడాదిగా రిసొత్తో మెత్తగా తగలేస్తున్నా నోరు మూసుకుని ఊరుకున్నాను. నా రుమాలేదే, ఒర్నెల్లా?"