అడగని జవాబు

“చెప్పు అడుగుభాగాన్ని ముట్టుకోవడం కూడా వైద్యమేనా!” భర్త మూతి మూడు వంకర్లు తిప్పాడు.

భార్య తన చెప్పు అడుగున అరచెయ్యి ఆనించి వణుకుతోంది. ఇంట్లో అయితే ఈపాటికి కుళాయి దగ్గర సబ్బు అరగదీస్తూ ఉండేది.

“కడుక్కోకుండా కూర్చుంటే మురికి భయం దానంతటదే దిగుతుంది,” అంది సైకాలజిస్టు. “‘ఏం కాదు కదా’ అని ఆవిడ అడిగితే మీరు మాత్రం జవాబు చెప్పకండి. మీ జవాబే ఆ భయానికి మేత.”

అతనికి ఒళ్లు మండింది. రోజూ ‘ఏం కాదే మొద్దూ’ అని చెప్పి చెప్పి ఈ పిరికిదాన్ని నెట్టుకొస్తున్నది తను! నిన్నగాక మొన్న పట్టా పుచ్చుకున్న ఈ పిల్ల తనకే పాఠాలు చెబుతోంది.

“ఏం కాదు కదండీ?” అంది భార్య.

అతను పళ్లు బిగబట్టాడు.

ఆమె మళ్లీ అడిగింది. ఆ తర్వాత ఇక అడగలేదు. వణుకు మెల్లగా తగ్గింది. ఆ చేత్తోనే నుదుటి మీది జుట్టు పక్కకు తోసుకుంది.

అడగదేం ఇంకా? అతను లేచి గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి ఉండబట్టలేక అనేశాడు.

“ఏం కాదులేవే, మొద్దూ!”

భార్య అతన్ని ఎగాదిగా చూసింది.

“ఇప్పుడు మిమ్మల్నెవరు అడిగారండీ?”