రేవుకు బదులు

తిరుమలమ్మాళ్ అన్నం వడ్డిస్తూ ఉండగానే పోలీసులు ఇంట్లోకి వచ్చారు. సోము చేయి కంచంలోనే ఆగిపోయింది.

"రెండు ముద్దలు తిననీయండప్పా" అని తమిళంలో బతిమాలింది. ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు.

సోము ఆమె కన్నకొడుకు కాదు. ఈ దేశంవాడే కాదు. సముద్రం అవతలి దేశంలో సైన్యం గద్దెనెక్కి విద్యార్థులను కాల్చినప్పుడు పారిపోయి వచ్చానని చెప్పుకున్నాడు. అప్పట్లో ఢిల్లీకి ఆ సైన్యాధిపతులంటే గిట్టేది కాదు. అలా వచ్చినవాళ్లందరినీ ఉండమంది. కోయంబత్తూరు పక్కన తుడియలూరులో, చనిపోయిన భర్త తిరుమలమ్మాళ్‌కు వదిలిపోయిన పంపుల వర్క్‌షాపులో సోము పనికి కుదిరాడు. మోటార్లకు తీగ చుట్టడం నేర్చుకున్నాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె మాట్లాడే తెలుగు కూడా నేర్చుకున్నాడు. వాడి అసలు పేరు ఆమెకు నోరు తిరగలేదు. సోము అంది. వాడు అమ్మా అన్నాడు.

చెట్టుకొకరు పుట్టకొకరుగా ఉన్న తన దేశస్థులను వెతికి ఆ ఇంటికి తెచ్చేవాడు సోము. అందరికీ ఆమే వండిపెట్టేది. అలా వచ్చిందే కళైసెల్వి. ఆ పేరూ తిరుమలమ్మాళ్ పెట్టిందే. మేడమీద గదిలో కూర్చుని ఆ పిల్ల ఫోన్లో సైన్యానికి ఎదురు మాట్లాడితే, వాళ్ల దేశంలో జనం తలుపులు వేసుకుని వినేవారట. తుపాకులున్న సైన్యానికి ఆ గొంతంటే భయమట.

ఇప్పుడు ఢిల్లీకి ఆ దేశంలో ఒక ఓడరేవు కావాలి. ఇంకో పెద్ద దేశం కూడా దాని మీద కన్నేసింది. సైన్యాధిపతులు బదులుగా ఒక్కటే అడిగారు. మీ దగ్గర దాక్కున్న మావాళ్లను మాకు అప్పగించండి.

జీపెక్కే ముందు సోము వంగి ఆమె కాళ్లకు మొక్కాడు. పోలీసులకు అర్థం కాకుండా తెలుగులో గొణిగాడు.

"అమ్మా, సెల్వి బజారు నుంచి వస్తానే ఆ పిల్లని వాడిపట్టిలో మామ తోటకి పంపించు. ఆడైతే ఎవరూ చూడరు."

"పంపిస్తా సామీ. నువ్వు భద్రం."

మదురై దగ్గర వాడిపట్టిలోని ఆ తోట ఆమె తమ్ముడు బాలసుందరానిది. పంపుసెట్టు గదిలో కళైసెల్విని దాచి, తన కూతురిలా చూసుకున్నాడు. ఆయన కొడుకు అరవిందన్ ఢిల్లీలో విదేశాంగశాఖలో ఉద్యోగి. కోయంబత్తూరులో చదువుకున్నంతకాలం మేనత్త చేతి అన్నం తిని పెరిగినవాడు. తన పెళ్లికి ఆమెను పిలవడానికి తుడియలూరు వచ్చాడు.

"నమ్మి వచ్చినోళ్లని పట్టిచ్చేది ఏం న్యాయంరా అరవిందా?"

"న్యాయం ఎవరూ చూడరత్తా. ఆ రేవు మనం తీసుకోకుంటే ఇంకొకరు తీసుకుంటారు. ఆడ అందరికీ అదే మాట."

"సోముని తీసుకుపోయినారు. సెల్వినైనా కాపాడు. మీ నాయన తోటలో ఉండాది."

అరవిందన్ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఈ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది అత్తా" అని, కాఫీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే పోలీసులు వాడిపట్టి తోటను చుట్టుముట్టారు. ఊళ్లో ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా పంపుసెట్టు గదికే పోయారు. అడ్డం నిలబడ్డ బాలసుందరాన్ని తోసేస్తే కాలువగట్టు మీద పడి భుజం విరిగింది. కళైసెల్వి ఏడవలేదు. జీపులోంచి ఆయనకు చేతులు జోడించిందట.

మదురై ఆసుపత్రిలో తండ్రిని చూడటానికి వచ్చిన అరవిందన్‌ను తిరుమలమ్మాళ్ వరండాలోనే ఆపింది.

"నేను చెప్పలేదత్తా."

"ఇంకెవరికి తెలుసు? నాకు, మీ నాయనకి, నీకు. సోముకి తెలుసు. పావం, వాడు ఆ పాపిష్టోళ్ల జైల్లో దెబ్బలు తింటా ఉండాడు. వాడి మీద పెడతావా?"

"మీరే నమ్మకుంటే ఇంకెవరికి చెప్పుకునేది?"

"నా చేతి అన్నం తిన్నోడివి. ఇంక నన్ను అత్తా అనొద్దు."

లోపల మంచం మీద బాలసుందరం గోడవైపు తిరిగి పడుకున్నాడు. కొడుకు వచ్చి నిలబడ్డా ఇటు తిరగలేదు.

ఉడుమలైపేటలో అరవిందన్ పెళ్లి జరిగింది. తండ్రీ పోలేదు, మేనత్తా పోలేదు. కొన్నాళ్లకు కొత్త కోడలు చారులత ఒక్కతే తుడియలూరు వచ్చి తలుపు తట్టింది. తిరుమలమ్మాళ్ గడియ తీయలేదు.

"ఆయన ఉద్యోగం వదిలేసినారు" అంది చారులత బయటినుంచే. "సెల్విని పంపొద్దని పైవాళ్లతో కొట్లాడి వదిలేసినారు. ఒక్కసారి ఆయనతో మాట్లాడండి."

"పట్టిచ్చినాక వదిలితే ఏమి, ఉంటే ఏమి? పోమ్మా."

ఢిల్లీ అప్పగించినవాళ్లందరినీ అక్కడ ఉరి తీశారని ఎవరో వచ్చి చెప్పారు. తిరుమలమ్మాళ్ రెండు రోజులు నీళ్లు కూడా ముట్టలేదు. తర్వాత తమ్ముడిని వెంటబెట్టుకుని పేరూరులో నది ఒడ్డుకు పోయి, కళైసెల్వి పేరనా సోము పేరనా పిండాలు పెట్టించింది. కొడుకు స్థానంలో ఎవరు కూర్చుంటారని పురోహితుడు అడిగితే, ఇంకా కట్టు విప్పని భుజంతో బాలసుందరమే కూర్చున్నాడు.

రేవు ఒప్పందం సంతకాలు టీవీలో చూపించారు. ఇందరిని మింగిన ఆ సైన్యాధిపతి ముఖం ఎలా ఉంటుందో ఒకసారి చూడాలని తిరుమలమ్మాళ్ దగ్గరగా వచ్చి నిలబడింది.

కుర్చీలో కూర్చుని సంతకం పెడుతున్న ఆ ముసలి సైన్యాధిపతి వెనకాల, సైనికాధికారి దుస్తుల్లో, ఛాతీ మీద కొత్త పతకంతో నవ్వుతూ నిలబడి ఉన్నవాడు సోము.