పొగలేని బండి

మా షెడ్డుకి మొదటిసారి హైడ్రోజన్ కారొచ్చింది. బండి లాగడం లేదట.

నాన్న ఎప్పటిలాగే బానెట్ మీద చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చప్పుడు విని జబ్బు చెప్పే మెకానిక్కని ఆయనకి పేరు.

"ఇందులో ఇంజనే ఉండదు నాన్నా, ఏం వింటావ్?" అన్నాను పక్కనుంచి భుజం తట్టి.

"నా మొహం చూసి మాట్లాడు! ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరాడు. కస్టమర్లకైనా ఇదే తిట్టు. మర్యాద పిచ్చి అనుకునేవాళ్ళం.

ఎదురుగా వెళ్ళి మళ్ళీ చెప్పాను. "వినపడకపోతే కొంపేం మునగదులే" అని నవ్వేసి, వెనక్కెళ్ళి పొగగొట్టం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. పొగ లేదు, కాలిన ఆయిల్ కంపు లేదు. అరచేతిలో నీటిబొట్లు పడుతున్నాయి, అంతే.

"వదిలెయ్ నాన్నా, కంపెనీవాళ్ళు చూసుకుంటారు" అన్నాను వెనకనుంచి. పలకలేదు. "నాన్నా!" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన మాత్రం తిరగలేదు.

చెవులు ఎప్పుడు పోయాయో! ఇన్నాళ్ళూ ముక్కుతోనే నెట్టుకొచ్చాడన్నమాట.

వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. తడి అరచెయ్యి నాకు చూపించాడు.

"ఇది నాకేమీ చెప్పడం లేదమ్మా."