పెంచలయ్య పీల్చిన గాలి

సిలిండరులోని గాలిని మెల్లగా వదిలెయ్యాలి. వాల్వు విప్పాలి. వైరుకు వేలాడే చిన్న బల్బును మూతిలోంచి దింపి, గోడలన్నీ తిప్పి తిప్పి చూడాలి. తుప్పు కనిపిస్తే సిలిండరును పక్కన పెట్టాలి. ఒక్క చుక్క తడి ఉన్నా ఆరబెట్టాలి. ఆ తర్వాతే కొత్త వాషరు వేసి వాల్వు బిగించాలి, గాలి ఎక్కించాలి.

చీకటికోన డ్యామ్ షెడ్డులో మెకానిక్ సుదర్శనం ఏటా చేసే పనే ఇది. ఈసారి ముందున్నది డ్యామ్ డైవరు పెంచలయ్య వీపున కట్టుకొని నీళ్లలోకి దిగిన సిలిండరు. తూము తలుపుకు అడ్డం పడిన దుంగను తీయడానికి మొన్న దిగినవాడు, తాడు పట్టి లాగితే శవమై పైకి వచ్చాడు. సిలిండరులో గాలి ఇంకా సగానికి పైగా ఉంది.

"ఏముందప్పా లోపల?" ఇంజనీరు సౌందరరాజన్ పక్కనే నిలబడి అడిగాడు.

"తుప్పు సార్. అడుగంతా తుప్పే."

సుదర్శనం సిలిండరును తలకిందులు చేసి తట్టాడు. ఎర్రటి పొడితో పాటు నల్లటి పీచు ఒకటి కాగితం మీద పడింది. దాన్ని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"ఏందది?"

"చింతపండు పీచు సార్. ఆయుధపూజకు లోపల కూడా కడిగినట్టుండారు..." ఆగాడు. "కడిగినట్టుండేదేంది, నేనే కడిగినాను సార్."

"ఇత్తడి చెంబా అది, చింతపండేసి తోమేదానికి? నీ చదువు గంగలో కలిసిందా?"

"తడి మిగిలిపోయింది సార్. అట్లే గాలి ఎక్కించి మూడు నెలలు పెట్టేసినాము. తుప్పు పట్టేకొద్దీ లోపలి ప్రాణవాయువును తినేసింది. మీటరు ముల్లు చూస్తే గాలి నిండుగానే ఉంటాది. పీల్చేటోడికి తెలీదు. నిద్రొచ్చినట్టు పోతాడు."

సౌందరరాజన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఉండు ఉండు. ఆయుధపూజ రోజు నువ్వు వాల్వులు విప్పేసి, వాషర్ల కోసం చిత్తూరు పోయినావు గదా?"

"పోకముందే కడిగినాను సార్. సాయంత్రమొచ్చి, మళ్లీ బల్బు దించకుండానే వాల్వు బిగించేసినాను."

వాకిట్లో నిలబడ్డ వాచ్‌మన్ చెంగయ్య లోపలికి తల పెట్టాడు. "సార్, ఆ పొద్దు నేనీడనే ఉంటి..."

"చెంగయ్యా!" సుదర్శనం గొంతు పెంచాడు. "సార్‌కు టీ తేపో."

చెంగయ్య అతని మొహంలోకి చూశాడు. టీకి వెళ్లిపోయాడు.

సౌందరరాజన్ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు. "చూడప్పా, పెంచలయ్య ముందురోజు తాగినాడని ఊరంతా అనుకుంటా ఉంది. అట్లే రాసేద్దాం. నీ కొలువు నిలబడుతుంది."

"తాగి పోయినాడని రాస్తే నాగులమ్మకు ఉద్యోగం రాదు సార్. పిల్లోళ్లిద్దరూ ఇంకా చిన్నోళ్లు."

"మరి నీ పిల్లలో? ఉద్యోగమే కాదు, కేసు కూడా అవుతుంది."

"తెలుసు సార్. నా అజాగ్రత్త అనే రాయండి. ఒక్కటి మాత్రం అడుగుతాను. కడిగిన సంగతి బయట చెప్పొద్దండి. సిలిండరు చూడకుండా ఇచ్చినానని చాలు."

"ఏం, నలుగురూ నవ్వుతారని సిగ్గా?"

"అవును సార్."

సుదర్శనం బయటికి వచ్చేసరికి పెంచలయ్య భార్య నాగులమ్మ షెడ్డు ముందు నిలబడి ఉంది. నుదుట బొట్టు చెరిపిన చోట ఇంకా ఎర్రగానే ఉంది.

"ఏమన్నా, ఏం తేలింది?"

"లోపల తుప్పు పట్టిందమ్మా. గాలి చెడిపోయింది. నేను చూసుకోలేదు."

"చూసుకోలేదా? గంటలకొద్దీ దాంట్లోకి తొంగి చూస్తా ఉంటివే! 'పెండ్లిచూపుల్లో పిల్లనైనా ఇంతసేపు చూసుండడు మా సుదర్శనన్న' అని మా ఆయన ఎన్నితూర్లు నవ్వినాడో. అంత చూసేటోడివి ఈతూరి నీ కండ్లు యాడ పెట్టుకొంటివి?"

"తప్పయిపోయింది చెల్లెమ్మా."

"దానికి నేను పసుపు పూసి, బొట్టు పెట్టి, హారతిచ్చి మొక్కుకొంటిని గదన్నా! 'మా ఆయన్ని నీళ్లలో నువ్వే కాపాడాల' అని ఆ ఇనుప బండకు దండం పెట్టుకొంటిని! నువ్వొక్కసారి తొంగి చూడలేకపోతివా?" వంగి గుప్పెడు మన్ను తీసి అతని మొహం మీద కొట్టింది. "నీ వంశం నాశనం గాను!"

సుదర్శనం మన్ను తుడుచుకోలేదు.

ఉద్యోగం పోయింది. కేసు మూడేళ్లు తిరుపతి కోర్టు చుట్టూ తిప్పింది. నాగులమ్మకు డ్యామ్ ఆఫీసులో అటెండరు పని దొరికింది. సుదర్శనం భార్యాపిల్లలతో శ్రీకాళహస్తి చేరి, బస్టాండు పక్కన సైకిళ్లకు పంక్చర్లు వేసుకుంటూ బతికాడు. శివరాత్రికి గుడికి వచ్చిన నాగులమ్మ అతన్ని చూసి, పిల్లల చేత కూడా ఉమ్మించి పోయింది.

ఆ రోజు ఆమెతో పాటు వచ్చిన చెంగయ్య వెనకబడి, అతని దగ్గర ఆగాడు. "ఇంకా ఎన్నేండ్లన్నా ఈ తిట్లు పడేది?"

"తిట్టుకోనీలేప్పా. నన్ను తిట్టుకొంటేనే ఆ యమ్మకు నిద్ర పట్టేది."

సుదర్శనం ఇప్పుడు లేడు. అతను పోయినప్పుడు కూడా డ్యామ్ కాలనీలో 'పెంచలయ్యను చంపినోడు పోయినాడు' అనే అనుకున్నారు. ఈ కథ చదివిన మీరైనా అతన్ని వేరే విధంగా గుర్తుపెట్టుకోండి.

ఆ సిలిండరు కడిగింది నాగులమ్మ.