నాలుగూ పన్నెండు

"మిషను తప్పు చెప్పదమ్మా," అన్నాడు అధికారి. ఆ మాట అనడం అది మూడోసారి.

బస్సు ఆలస్యం మీద ఫిర్యాదుతో ఆమె ఆ ఆఫీసుకి రావడం నాలుగోసారి. మొదట రైళ్ల కౌంటరుకి వెళ్తే, బస్సులో వాడిన కార్డు కాబట్టి బస్సుల వాళ్లని అడగమన్నారు. బస్సుల వాళ్లు కార్డుల విభాగానికి పొమ్మన్నారు. కార్డుల విభాగంలో ఆ రోజు కంప్యూటరు పనిచెయ్యలేదు. రైలుకీ బస్సుకీ ఒకటే కార్డని ఊరంతా బోర్డులు పెట్టారు గానీ, ఆ కార్డు గురించి జవాబు చెప్పే మనిషిని మాత్రం ఎక్కడా పెట్టలేదు.

వెనక బల్ల మీద ఆమె తండ్రి కూర్చున్నాడు. కార్డుని బొటనవేలితో తుడుస్తున్నాడు. నెల రోజులుగా ఆయన బస్సెక్కలేదు. ఇవాళ కూడా, ఆమె ఎంత చెప్పినా వినకుండా, ఇంటి నుంచి నడిచే వచ్చాడు. బస్సు మీద ఆయనకి ఎంత కోపముందో ఆమెకి తెలుసు.

"పోదాం పదమ్మా," అన్నాడు.

"నువ్వుండు నాన్నా."

అధికారి కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు. పదో తారీఖు, పన్నెండో నంబరు బస్సు. ఎక్కేటప్పుడు మిషనుకి కార్డు ఆనించిన సమయం మూడూ నలభై. ఆసుపత్రి స్టాపులో దిగేటప్పుడు ఆనించిన సమయం నాలుగూ పన్నెండు.

"ఆయన మా అమ్మ గదిలోకి వచ్చింది ఐదింటికి," అంది. "స్టాపు నుంచి రోడ్డు దాటితే ఆసుపత్రి. రోడ్డు దాటడానికి ముప్పావుగంట పడుతుందా?"

"పెద్దవారు కదా, మెల్లిగా..."

"మెల్లిగానా? నేనే ఫోన్ చేశాను సార్. అమ్మ నీకోసమే ఆగి ఉంది, త్వరగా రా నాన్నా అన్నాను. మధ్యలో రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. బస్సు మోతలో వినపడి ఉండదు. ఐదింటికి పది నిమిషాలుందనగా అమ్మ పోయింది. పోయేదాకా గుమ్మం వైపే చూసింది. ఆ మాట చెప్పడానికి ఫోన్ చేస్తే ఎత్తాడు. వెంటనే వచ్చేశాడు. బస్సు ఆలస్యమైందా నాన్నా అని అడిగితే తలూపాడు. అంతే, ఇంకో మాట లేదు."

అధికారి కాగితం మీది ఆ రెండు టైములూ మళ్లీ చూశాడు. తరవాత గొంతు తగ్గించి, "మిషనుకి మీ నాన్నగారి మీద పగేముంటుందమ్మా?" అన్నాడు.

"మా నాన్నకి మాత్రం మీ మిషను మీద పగేముంది? నలభయ్యేళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. ఆయన టైము చెబితే మా పేటలో బడిగంట సరిచేసుకునేవాళ్లు. మీ నెత్తిమీద గడియారం ఆరు నిమిషాలు వెనకుంది. ముందు దాని సంగతి చూసుకోండి."

అధికారి తలెత్తి గోడ మీద చూశాడు. ఆ తరవాత తన చేతి గడియారం చూసుకున్నాడు. ఇంకేమీ వాదించకుండా కంప్యూటరు వైపు తిరిగి, చాలాసేపు ఏవో నొక్కాడు.

"ఈ బండిలో మిషను పద్నాలుగో తారీఖున రిపేరుకి పంపారు."

"ఎందుకు?"

"కారణం రాయలేదు."

"రాయరు," అంది ఆమె.

అధికారి నిట్టూర్చి తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. "సరే. మిషను టైము నమ్మడానికి లేదు, బస్సు ఆలస్యంగా చేరింది అని రాస్తాను. కింద మీ నాన్నగారు సంతకం పెట్టాలి. కానీ ఒక్క మాట. ఆలస్యమైతే డ్రైవరు ఆ రోజే చెప్పాలి, చెప్పలేదు. కాబట్టి అతని ఇంక్రిమెంటు ఆగిపోతుంది."

"ఆగనివ్వండి. మా అమ్మ ఆగలేకపోయింది."

డ్రైవరుని పిలిపించారు. తిండి మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, చెయ్యి ఇంకా తడిగా ఉంది. కాగితం రెండుసార్లు చదివాడు.

"టైముకే తిప్పినట్టు గుర్తు సార్," అన్నాడు. ఆమెని చూశాడు. బల్ల మీది పెద్దాయనని చూశాడు. అతని గొంతులో బింకం సడలిపోయింది. "మా అమ్మ పోయినప్పుడు నేనూ బండి మీదే ఉన్నానండీ. ఆ బాధ నాకు తెలుసు. ఆ రోజు ఎక్కడైనా ఎక్కువసేపు ఆపేశానేమో, ఏమో. నా వల్లే అయితే క్షమించండి పెద్దాయనా."

నెల రోజులుగా ఆమె ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమే. తీరా అది వినపడ్డాక ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. కౌంటరు మీద కలం తీసి తండ్రి వైపు చాపింది.

తండ్రి లేచి వచ్చాడు. కాగితం చదివాడు. కలం మూత తీశాడు. మళ్లీ పెట్టేశాడు. దాన్ని కాగితం పక్కన ఉంచి, డ్రైవరు తడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కూతురి వైపు తిరిగాడు.

"అమ్మ నాకోసమే ఆగి ఉందని నువ్వన్నావు కదమ్మా, నేను లోపలికి రానంతసేపూ బతికే ఉంటుందనుకుని, పోయిందని నువ్వు ఫోన్ చేసేదాకా ఆ స్టాపులో బెంచీ మీదే కూర్చున్నాను."